మిర్చి యార్డులో నాకు పూచీ నిలిచిన పెద్దాయనకు

నిన్న రాత్రి ఆఖరి నమూనాల పెట్టె ప్రయోగశాలకు చేరింది. కళ్ళు మూతలు పడుతున్నాయి, కానీ ఈ కృతజ్ఞతలు రాయకుండా పడుకుంటే నిద్ర పట్టదు.

మిరప పూతలో చేరే నల్ల తామర పురుగు మీద నా పరిశోధన. 2021లో అది మన తోటలను ఏం చేసిందో గుంటూరు వాళ్ళకు చెప్పనక్కరలేదు. దాన్ని తినే మిత్రపురుగులు మన చేలల్లో ఏవి ఉన్నాయి, మందు కొట్టాక ఎన్ని మిగులుతున్నాయి, ఈ లెక్క తీయడం నా పని. ఫెలోషిప్ డబ్బు నెలల తరబడి ఆగిపోయింది. పూత ఆగదు కదా! పురుగులను పట్టే నీలం జిగురు అట్టలకు, బస్సు చార్జీలకు, డీఎన్ఏ పరీక్షలకు కలిపి లక్షా నలభై వేలు కావాలని చందాలకు బయలుదేరాను.

మొదటి రోజు యార్డులో ఏ కొట్టులోనూ ఒక్క రూపాయి రాలేదు. "నువ్వు చెప్పేది నిజమని ఎవరు చెబుతారమ్మా?" అన్నారు. వాళ్ళ తప్పు లేదు, నా చేతిలో విశ్వవిద్యాలయం కాగితం ఒక్కటీ లేదు. టిక్కీల (మిర్చి బస్తాల) నీడలో కూర్చుని ఏడ్చాను. మిర్చి ఘాటుకు అక్కడ అందరి కళ్ళూ నీళ్ళు కారుతాయి కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. ఒక హమాలీ పెద్దాయన మాత్రం గుర్తుపట్టారు. భుజం మీది బస్తా దించి వచ్చి, ఏ పురుగమ్మా అని అడిగారు. సీసా ఇస్తే వెలుతురుకు ఎత్తి చాలాసేపు చూశారు. "ఇదే. మా తమ్ముడి రెండెకరాలు దీనికే పోయాయి." తువ్వాలు కొంగు ముడి విప్పి, కారం అంటిన ఐదు వందల నోటు నా చేతిలో పెట్టారు. తర్వాత రెండు రోజులు కూలి మానుకుని నన్ను కొట్టు కొట్టుకూ తిప్పారు. "మన పురుగు కోసం చదువుతోంది ఈ పిల్ల. నాది పూచీ." రసీదు ఇవ్వబోతే, నీ లెక్కకు పనికొస్తుంది, ఉంచుకో అన్నారు. అది నా నోటుపుస్తకంలోనే ఉంది. పేరు రాయవద్దన్నారు, రాయడం లేదు.

విశ్వవిద్యాలయం ముద్ర పడాల్సిన చోట ఒక కూలీ మాట పడింది. అది తలుచుకుంటే కడుపు మండుతుంది. జనం ఇచ్చిన డబ్బును ఏ పద్దు కింద జమ చేయాలో తేలక నా ఫైలు మూడు నెలలు బల్లల మీద తిరిగింది. అమెరికా పౌరసత్వం ఉన్న ఒకరు ఇరవై వేలు పంపితే, విదేశీ విరాళాల చట్టం కింద నమోదైన ఖాతా లేక తిప్పి పంపాను. ఆస్ట్రేలియాలోని డీకిన్ విశ్వవిద్యాలయం 2013లోనే పోజిబుల్ అనే చందాల వేదికతో చేయి కలిపి తన పరిశోధకుల వెనక నిలబడింది. మాకు అంత కూడా అక్కరలేదు. ఒక ఖాతా, ఒక రసీదు పుస్తకం, ఈ పరిశోధన నిజమేనని సంతకం పెట్టిన ఒక పేజీ. చందా ఇచ్చినవాళ్ళకు లెక్క చూపే పూచీ మాది.

అమ్మకు, నాన్నకు, అన్నయ్యకు వేరే చెప్పాలా.

అయ్యా, సోమవారం యార్డుకు వస్తున్నాను. మిత్రపురుగుల సీసాలు మీకే ముందు చూపిస్తాను.

అయ్యో, మరిచాను. నమూనాల పెట్టెను తన సీటు కింద పెట్టుకుని తెచ్చిన ఫిరంగిపురం బస్సు కండక్టర్ గారికి, రాత్రుళ్ళు ప్రయోగశాల తాళం తీసిన కాపలా తాతకు కూడా. ఇంకా, నా మాట నమ్మి నాలుగు సాళ్ళకు మందు కొట్టకుండా వదిలేసిన ప్రత్తిపాడు రైతు గారికి. ఆ నాలుగు సాళ్ళలోనే మిత్రపురుగులన్నీ దొరికాయండి.