తపాలా డబ్బా మీద మా ఇంటిపేరు

నేను చదువు కోసం జర్మనీలోని చెమ్నిట్స్ వచ్చి రెండు నెలలు దాటింది. ఇక్కడ నన్ను ఆదుకున్నవాళ్లకి ఈ మాటలు మొదటి వారంలోనే రాయాల్సింది. అప్పుడు రాద్దామని కూర్చుంటే ఏడుపొచ్చేది తప్ప మాట వచ్చేది కాదు. పేర్లు రాయొద్దని, ఇక్కడ నాకు తోడు నిలిచిన అక్క ముందే ఒట్టు వేయించుకుంది కాబట్టి ఎవరి పేరూ రాయట్లేదు. ఎవరి గురించో వాళ్లకి తెలుసు.

సెప్టెంబర్ 27, శనివారం. ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి, లైప్‌జిగ్‌లో రైలు మారి, ఇక్కడికి చేరేసరికి రాత్రి తొమ్మిదైంది. రెండు పెట్టెలు, ఒక బ్యాగు. గది ఆన్‌లైన్‌లో ముందే మాట్లాడుకున్నా. డిపాజిట్, మొదటి నెల అద్దె కలిపి 840 యూరోలు ఇండియాలో ఉండగానే పంపేశా. ఫొటోలు పంపారు, కాంట్రాక్టు పంపారు, నమ్మకం కలగడానికి ఒక గుర్తింపు కార్డు కాపీ కూడా పంపారు. అడ్రసు నిజమే. ఇల్లూ ఉంది. గుమ్మం పక్కన పది బెల్లులు, పది పేర్లు. నాకు గది ఇస్తానన్న మనిషి పేరు మాత్రం వాటిలో లేదు.

కింది వాటాలో ఉండే పెద్దావిడ తలుపు తీశారు. ఆవిడకి ఇంగ్లీషు రాదు, నాకు జర్మన్ అంతంత మాత్రం. నా ఫోన్‌లో కాంట్రాక్టు చూసి తల అడ్డంగా ఊపారు. తర్వాత తన ఫోన్‌లో ఏదో టైపు చేసి నా చేతికిచ్చారు. “ఈ నెలలో ఇలా వచ్చినవాళ్లలో నువ్వు రెండోదానివి” అని ఉంది. నేను మెట్ల మీద కూలబడిపోయా. ఆ మెట్ల దగ్గర లైటు రెండు మూడు నిమిషాలకోసారి దానంతటదే ఆరిపోతుంది. ఆరిన ప్రతిసారీ ఆవిడ తలుపు తీసుకుని బయటకొచ్చి, స్విచ్ నొక్కి, నన్నొకసారి చూసి లోపలికి వెళ్లేవారు. ఎన్నిసార్లు వచ్చారో లెక్కపెట్టలేదు. చీకట్లో మాత్రం నన్ను ఒక్కసారి కూడా ఉండనివ్వలేదు. అమ్మా, మీరు ఇది చదవలేరని తెలుసు. మీ ఇంటికొచ్చి నాకొచ్చిన జర్మన్‌లోనే చెప్పి వచ్చా. అయినా ఇక్కడా చెప్పాలనిపించింది.

మన తెలుగు విద్యార్థుల గ్రూపులో మెసేజ్ పెట్టా. పదకొండు నిమిషాల్లో అక్క జవాబిచ్చింది. “అక్కడే ఉండు. ఎటూ కదలకు. వస్తున్నాం.” అప్పటికి అక్కకి నా మొహం కూడా తెలీదు. తన రూమ్మేట్‌ని తోడు తీసుకుని ట్రామ్‌లో వచ్చి, చెరో పెట్టె పట్టుకుని, “ముందు అన్నం తిందువుగాని, తర్వాత మాట్లాడుకుందాం” అంది. మర్నాడు ఆదివారం. ఇక్కడ ఆదివారం కొట్లు దాదాపు అన్నీ మూసేస్తారు. వాళ్లు లేకపోతే ఆ రోజు పస్తే.

అసలు కష్టం సోమవారం నుంచి మొదలైంది. రాబోయేవాళ్లు ఈ ముక్క కాస్త శ్రద్ధగా చదవండి. జర్మనీలో ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు ఆ అడ్రసు నమోదు చేయించుకోవాలి. దాన్నే అన్మెల్డుంగ్ అంటారు. దానికి ఇల్లు ఇచ్చినవాళ్లు సంతకం పెట్టిన కాగితం కావాలి. నమోదు కాగితం చూపిస్తేనే ఖాతా తెరుస్తామని నేను అడిగిన బ్యాంకు చెప్పింది. ఇక్కడ ఖాతా ఉంటేనే బ్లాక్డ్ అకౌంట్‌లో ఉన్న డబ్బు నెల నెలా చేతికొస్తుంది. వీసా కోసం 11,904 యూరోలు అందులో వేసి వచ్చా. అందులోంచి నెలకి 992 చొప్పునే ఇస్తారు. నా డబ్బే, నా పేరు మీదే ఉంది, ఒక్క యూరో ముట్టుకోలేను. తలదాచుకోను అడ్రసు లేకపోతే ఇన్నీ ఆగిపోతాయని అప్పటిదాకా నాకు తెలీదు.

నన్ను తన అడ్రసు మీదే నమోదు చేయించడానికి అక్క తన ఇంటి యజమానికి ఫోన్ చేసింది. నాకోసం తన అద్దె ఒప్పందాన్నే కదిలించింది. ఆయన ఒప్పుకోకపోతే తనకీ ఇబ్బందే, అయినా అడిగింది. డెబ్బై దాటిన పెద్దాయన. మర్నాడు సాయంత్రం మూడంతస్తులు మెట్లెక్కి వచ్చి, నా పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని, ఫారం అక్షరం అక్షరం నింపి సంతకం చేశారు. అంతటితో వెళ్లిపోలేదు. కింద తపాలా డబ్బా దగ్గరికి రమ్మన్నారు. డబ్బా మీద పేరు లేకపోతే పోస్ట్‌మ్యాన్ ఉత్తరం వేయడట. బ్యాంకు కార్డు ఒక కవరులో, పిన్ ఇంకో కవరులో, 11 అంకెల పన్ను నంబరు మరో కవరులో, అన్నీ పోస్టులోనే వస్తాయి. జేబులోంచి స్కేలు తీసి కొలిచారు. మా ఇంటిపేరు పొడుగు, పట్టలేదు. ఆ చీటీ చించేసి, చిన్న అక్షరాలతో మళ్లీ రాశారు. నాకు చూపించి స్పెల్లింగ్ సరేనా అని అడిగి, అప్పుడు అతికించారు. నా పేరు కాదు, ఇంటిపేరే. మా నాన్నగారిది, తాతగారిది. దేశం కాని దేశంలో ఒక ఇంటి మీద మా ఇంటిపేరు చూసి అక్కడే నిలబడిపోయా.

రిజిస్ట్రేషన్ ఆఫీసులో టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, దొరకడానికి సాయం చేసింది నా క్లాస్‌మేట్, కామెరూన్ అమ్మాయి. వేరేవాళ్లు రద్దు చేసుకున్న స్లాట్లు పొద్దున్నే కనిపిస్తాయని చెప్పి, తనే ఏడింటికి లేచి వెతికి, అక్టోబర్ 9కి పట్టింది. నాతో వచ్చి నా తరఫున జర్మన్‌లో మాట్లాడింది కూడా. పోలీసులకి ఫిర్యాదు ఇచ్చేటప్పుడూ తనే పక్కనుంది. ఆ 840 యూరోలు ఇంకా రాలేదు. గది కళ్లారా చూడకుండా, లేదా మీ తరఫున ఎవరైనా వెళ్లి చూడకుండా డబ్బు పంపకండి. మీ కాళ్లు పట్టుకుని చెప్పమన్నా చెబుతా.

అక్కా, అక్టోబర్ అద్దెలో నా వాటా ఇవ్వబోతే “నీ 992 పడ్డాక చూద్దాంలే” అన్నావ్. పడ్డాక ఇస్తే సగమే తీసుకున్నావ్. జ్వరమొచ్చిన రాత్రి నీకు పరీక్ష ఉన్నా నా పక్కనే కూర్చుని చదువుకున్నావ్. మా అమ్మ రోజూ ఫోన్‌లో నన్ను కాదు, ముందు నిన్ను అడుగుతోంది.

డిసెంబర్ 1న నాకు విద్యార్థుల వసతి గృహంలో గది దొరికింది. అక్క వాళ్ల తపాలా డబ్బా మీద నా చీటీ ఇంకా తీయలేదట. ఏదైనా ఉత్తరం వెనకబడి వస్తుందేమో, కొన్నాళ్లు ఉండనివ్వమన్నారట పెద్దాయన. ఈ ఆదివారం వెళ్తున్నా. మొదటి రాత్రి నాకిచ్చిన దుప్పటి ఉతికి మడతపెట్టి ఉంచా, తిరిగివ్వాలి.