వాలంటీర్ పని ఫోన్ కాల్ దగ్గర ఆగాలి

సంపాదకులకు నమస్కారం.

నైబర్‌హుడ్ వాచ్ (చుట్టుపక్కల వాళ్లే వాలంటీర్లుగా తమ వీధులకు కాపలా కాయడం) మాట వచ్చిందంటే ట్రేవాన్ మార్టిన్ కేసు గుర్తుకొస్తుంది, వెంటనే ఎవరో ఒకరు "కాల్చినవాణ్ని కోర్టే నిర్దోషి అంది కదా, ఇంకేం మాట్లాడతారు" అంటారు. నాకు అభ్యంతరం అక్కడే.

2012 ఫిబ్రవరి 26 సాయంత్రం ఫ్లోరిడాలోని శాన్‌ఫర్డ్‌లో వర్షం పడుతుంటే, దుకాణానికి వెళ్లిన ట్రేవాన్ అనే 17 ఏళ్ల కుర్రాడు తాను ఉంటున్న ఇంటికి నడిచి వస్తున్నాడు. అతని దగ్గర ఆయుధం లేదు. అక్కడి వాచ్ వాలంటీర్ జార్జ్ జిమ్మర్‌మన్‌కు కారులోంచి చూసి అనుమానం వచ్చి పోలీసులకు ఫోన్ చేశాడు. ఆ అనుమానం సబబేనా అన్నది పెద్ద ప్రశ్నే, కానీ కనీసం ఫోన్ చేయడం వాలంటీర్ పనే అనుకుందాం. అతని వెంట వెళ్తున్నారా అని ఫోన్‌లో అవతలి ఉద్యోగి అడిగితే ఔనన్నాడు, మీరు అలా చేయాల్సిన అవసరం లేదని ఆ ఉద్యోగి చెప్పాడు. కొన్ని నిమిషాల్లోనే ఆ కుర్రాడు జిమ్మర్‌మన్ కాల్చిన తూటా తగిలి చనిపోయాడు.

2013 జూలై 13న జ్యూరీ జిమ్మర్‌మన్‌ను నిర్దోషి అంది. ఆ జ్యూరీ చూసింది, అతను కాల్చింది ఆత్మరక్షణ కోసం కాదని ప్రాసిక్యూషన్ అనుమానానికి తావు లేకుండా రుజువు చేసిందా లేదా అని. వాలంటీర్‌గా అతను కారు దిగి ఉండాల్సిందా అనేదానికి ఆ తీర్పులో జవాబు వెతకడం పొరపాటు. జైలుకు వెళ్లనంత మాత్రాన తన బాధ్యత సరిగ్గా చేసినట్టు ఎలా అవుతుంది?

వాలంటీర్ ఎంతవరకు వెళ్లవచ్చనే హద్దులు కొత్తగా కనిపెట్టాల్సినవి కూడా కావు. అమెరికాలో 1972 నుంచి ఈ వాచ్ కార్యక్రమం నడుపుతున్న నేషనల్ షెరిఫ్స్ అసోసియేషన్ (అక్కడి కౌంటీల పోలీసు అధిపతుల సంఘం) మాన్యువల్‌లోనే ఉంది, గస్తీ తిరిగే సభ్యులకు పోలీసు అధికారాలు లేవని, ఆయుధాలు పట్టుకోకూడదని, వాహనాలను వెంబడించకూడదని.

పోలీసులు వచ్చేలోపు వాడు పారిపోతే ఎలా అని అడుగుతారు. పారిపోనివ్వండి. ఎటు వెళ్లాడో, ఏం వేసుకున్నాడో, బండి నంబర్ ఏంటో చెప్పగలిగితే మీ పని అయిపోయినట్టే. అసలు వెంటాడేవాళ్లు ఒక్కసారైనా అవతలి మనిషి వైపు నుంచి ఆలోచించారా? మీకు యూనిఫాం ఉండదు, మీరు వాలంటీర్ అని అతని కెలా తెలుస్తుంది, చీకట్లో ముక్కూ మొహం తెలియని మనిషి ముందు కారులో, తర్వాత నడిచి తన వెనకే వస్తుంటే అతను పరిగెత్తవచ్చు, భయంతో ఎదురు తిరగవచ్చు, మీరేమో దాన్నే నేరానికి రుజువు అనుకుంటారు. అంటే మీ అనుమానం నిజం కావడానికి మీరే కారణం అవుతున్నారు. ఇంటికి వెళ్తున్న పిల్లాడికి ఆ భయం పెట్టే హక్కు ఎవరిచ్చారు?

వాలంటీర్లంతా ఇలాంటివాళ్లని అనను, నిద్ర మానుకుని చుట్టుపక్కల వాళ్ల కోసం తిరిగేవాళ్ల మీద నాకు గౌరవం ఉంది. అందుకే ఈ బృందాలు నడిపేవాళ్లను అడుగుతున్నాను: పేరు రాసుకునే రోజే ఈ హద్దులు చదివి వినిపించి సంతకం తీసుకోండి. గస్తీకి తుపాకీ తెచ్చినవాళ్లను, చెప్పినా వినకుండా ఎవరినైనా వెంటాడినవాళ్లను, ఎంత పాత సభ్యులైనా సరే, ఆ రోజే పక్కన పెట్టండి.

ఇట్లు,
ఒక పాఠకుడు