చామంతి తలలు గిల్లావా?

చి. అమ్మలుకి,

నాన్న ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. అమ్మకి మోకాలి నొప్పి తగ్గింది. గోదారికి ఎర్రనీళ్ళు వచ్చాయి. శ్రావణమాసం పూల బేరాలు మొదలవడంతో కడియపులంకలో సూరిబాబుకి ఊపిరి సలపడం లేదు.

నువ్వు పంపిన చామంతుల ఫొటో చూశాం. ఆ తర్వాత ఫోన్ లేదు, మెసేజ్ లేదు. పని ఎక్కువగా ఉందేమోలే అనుకున్నాం.

సరే, మొక్కల సంగతి. నారు జానెడు లేచింది గానీ ఒంటి కాడే, పక్క కొమ్మ ఒక్కటీ లేదు. ఆకుకీ ఆకుకీ మధ్య అంత ఎడం ఉందంటే వెలుతురు చాలడం లేదని అర్థం. అసలే బెంగళూరు మబ్బు, పైగా గోడ పక్కన పెట్టావు. ముందు కుండీలన్నీ రెయిలింగ్ దగ్గరికి జరిపి వారం ఆగు. ఆ తర్వాత తలలు గిల్లు. పొద్దున్నే కాడ పెళుసుగా ఉన్నప్పుడు చెయ్యాలి. నువ్వు పొద్దున్నే లేస్తున్నావా? పై చిగురుని బొటనవేలి గోటికీ చూపుడు వేలికీ మధ్య పట్టుకుని, సరిగ్గా ఆకుకి పైన, అంగుళం మేర గిల్లెయ్. టిక్కుమని తెగాలి. పీచులా సాగితే ముదురు చోట పట్టుకున్నావన్నమాట, కాస్త పైకి జరుగు. కింద ఐదారు ఆకులు తప్పకుండా ఉండాలి.

చూస్తూ చూస్తూ తలెలా తెంపను అని నువ్వు వెనకాడతావని నాకు తెలుసు. ఆ కొన చిగురులో ఆక్సిన్ అనే హార్మోను తయారై కాడలోంచి కిందికి దిగుతుంటుంది. అది దిగినంత కాలం ఆకు మొదట్లో ఉన్న మొగ్గలు పడుకునే ఉంటాయి. కొన పోతే లేస్తాయి.

మీ నాయనమ్మకి ఆక్సిన్ పేరు తెలీదు గానీ పని తెలుసు. నేను హైస్కూల్లో ఉండగా లంకలో చామంతి వేశాం. చిన్నతాత రాజమండ్రి నుంచి వచ్చేసరికి నాయనమ్మ కొంగు నిండా చిగుళ్ళున్నాయి. ఆయన గట్టు మీదే నిలబడి, "చేలో మేకలు పడ్డట్టు చేశావు వదినా!" అని కేకలేశాడు. ఆ పూట అన్నం కూడా తినకుండా అరుగు మీద పడుకున్నాడు. ఆవిడ మారుమాట అనలేదు. మర్నాడు ఒక్క సాలు గిల్లకుండా వదిలేసి, "ఇది నీ వాటా అబ్బాయ్" అంది. ఆ సాలు అన్నిటికంటే ముందు పూసింది. రోజుకో నాలుగు పూలు చేత్తో పట్టుకుని ఆయన ఊళ్ళో తిరిగాడు. కార్తీకంలో తుఫాను గాలి వచ్చింది. పొడుగు కాడలు కదా, ఆయన సాలంతా బురదలో పడుకుంది. గిల్లినవి మోకాలెత్తున గుబురుగా నిలబడి, ఆలస్యంగా పూసినా బుట్టలు నింపాయి. ఆ బుట్టలన్నీ చిన్నతాతే మోశాడు. తన సాలు సంగతి అడిగితే మాత్రం నారు తేడా అనేవాడు.

మొన్న కాకినాడ పిన్ని ఫోన్ చేసింది. నువ్వు ఉద్యోగం మానేశావని ఎవరో అన్నారట. అవతలివాళ్ళు అన్నదల్లా నమ్మకు అని చెప్పాను. కానీ అమ్మ ఆ ఫొటో మళ్ళీ తీసి చూపించింది. గాజు తలుపులో నువ్వు కనిపిస్తున్నావు, జుట్టు ముడేసుకుని, నైటీలో. పంపింది మంగళవారం పదకొండింటికి. సెలవు పెట్టి ఉంటావన్నాను.

ఒకవేళ మానేసి ఉంటే మానేశావు. అడగడానికి కాదు ఈ ఉత్తరం. పీఎఫ్ డబ్బు మాత్రం ముట్టుకోకు, ఐదేళ్ళ సర్వీసు నిండకుండా తీస్తే పన్ను పడుతుంది. క్రెడిట్ కార్డుతో ఇంటద్దె కట్టకు. రాత్రిళ్ళు బిస్కెట్లతో సరిపెట్టకుండా అన్నం వండుకో. డబ్బు కావాలంటే అడుగు, అమ్మకి చెప్పను.

తలలు గిల్లిన రోజే ఎరువు వెయ్యకు, మొదట్లో నీళ్ళు నిలవనివ్వకు. పక్క కొమ్మలు జానెడయ్యాక వాటినీ ఒకసారి గిల్లచ్చు. వినాయక చవితి దాటాక ముట్టుకోకు, పగళ్ళు పొట్టిగా అయ్యేటప్పుడే చామంతి మొగ్గ కడుతుంది. మూలనున్న సీతజడని అసలు ముట్టుకోకు, దాని అందమంతా నడి తలలోనే ఉంటుంది.

ఆదివారం శీను బెంగళూరు వస్తున్నాడు. సున్నుండలు, కందిపొడి, వేపపిండి పంపుతున్నాం. వేపపిండి పొట్లానికి ఎర్రదారం కట్టాను, కందిపొడి అనుకుని అన్నంలో కలుపుకునేవు. పార్సిల్ నీ ఆఫీసుకి తేవాలా, ఇంటికి తేవాలా అని వాడు అడుగుతున్నాడు. ఏం చెప్పమంటావో ఫోన్ చేసి చెప్పు.

నాన్న