ఒసాకా కోట వయసెంత?

సంపాదకులకు,

బెజవాడ, గుంటూరు ట్రావెల్ ఏజెంట్లు పంచే జపాన్ టూరు కరపత్రాల్లో ఒసాకా కోట బొమ్మ తప్పకుండా ఉంటుంది. కింద "400 ఏళ్ల సమురాయ్ కోట" అని రాస్తారు. పత్రికల యాత్రా పేజీల్లోకీ అదే మాట ఎక్కుతోంది. కందకానికీ రాతి గోడలకూ ఆ లెక్క సరిపోతుంది. బొమ్మలో కనిపించే బురుజు మాత్రం 1931లో ఇనుము, కాంక్రీటుతో కట్టింది. బయటికి అయిదంతస్తులు, లోపల ఎనిమిది, ఎక్కడానికి లిఫ్టు.

అక్కడ హిదెయోషి అనే సేనాధిపతి 1583లో మొదలుపెట్టిన కోట 1615 యుద్ధంలో తగలబడింది. ఆ యుద్ధంలో గెలిచిన తొకుగావా వంశం వారు 1620 నుంచి కొత్తగా కట్టిస్తే, ఆ బురుజు 1665లో పిడుగు పడి పోయింది. తర్వాత రెండున్నర శతాబ్దాల పైచిలుకు ఆ రాతి అరుగు మీద బురుజే లేదు. చివరికి ఊరి జనం చందాలు వేసుకుని ఇప్పటిది కట్టుకున్నారు. అరుగు తొకుగావా వారిది. పై అంతస్తు హిదెయోషి తరహాలో నలుపు, బంగారం. కింది అంతస్తులు తొకుగావా తరహాలో తెలుపు. రెండు వంశాల కోటలూ ఒకే బురుజులో కలిసిపోయాయి. అలాగని తీసిపారేయాల్సింది కాదు, 1931 నాటి కట్టడంగా దానికీ ప్రభుత్వ గుర్తింపు ఉంది. లోపల ఉన్నది మ్యూజియం. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు ఇదే నయం. తిరిగి వచ్చేటప్పుడు సకురామోన్ గుమ్మం లోపల ఆగి, ఎదురుగోడలో పొదిగిన రాయి చూడాలి. అదొక్కటే వంద టన్నుల పైన ఉంటుందని అంచనా.

అసలు చెక్క బురుజు చూడాలనుకునేవాళ్లకు దగ్గరలోనే హిమేజీ కోట ఉంది. సమురాయ్ కాలం నుంచి నిలిచిన బురుజులు జపాన్ మొత్తం మీద 12 మాత్రమే, వాటిలో పెద్దది ఇది. 1609లో పూర్తయింది. ఒసాకా నుంచి త్వరగా వెళ్లే మామూలు రైల్లో గంట ప్రయాణం. స్టేషన్ బయటికి రాగానే తిన్నటి రోడ్డు చివర కోట కనబడుతుంది, 15, 20 నిమిషాల నడక. మామూలు రోజుల్లో సాయంత్రం 4 దాటితే లోపలికి పంపరు. టికెట్టు 2026 మార్చి నుంచి బయటి ఊళ్లవాళ్లకు 2,500 యెన్లు, 18 ఏళ్ల లోపు వాళ్లకు ఉచితం. ఏప్రిల్ మొదటి వారంలో చెర్రీ పూల కోసం జనం విరగబడతారు. పొద్దున 9కి తలుపు తీసేసరికే వరసలో ఉండాలి.

గుమ్మం దగ్గర బూట్లు విప్పించి, సంచిలో వేసి చేతికిస్తారు. అంటే ఒక చెయ్యి పోయినట్టే. కాబట్టి వీపు సంచీతో వెళ్లడం మంచిది. మెట్లు అనడం కన్నా అటక నిచ్చెన అంటే సరిపోతుంది. ఎక్కడం కాదు, దిగడం కష్టం. నున్నగా అరిగిన చెక్క మీద సాక్సులు జారతాయి. చీర కట్టుకున్నవాళ్లు కుచ్చిళ్లు కాస్త పైకి దోపుకుని, మెట్టు వైపు ముఖం పెట్టి వెనక్కి దిగాలి. ఏసీ ఉండదు. ఆగస్టులో పై అంతస్తు ఉడికిపోతుంది.

లోపల సామాన్లేమీ పెద్దగా ఉండవు. ఖాళీ గదులేనని పెదవి విరిచి వచ్చేసేవాళ్లు ఎక్కువ. చూడాల్సింది కట్టుబడి. నేలమాళిగ నుంచి పైదాకా లేచిన రెండు మహాస్తంభాలు ఉంటాయి, ఒక్కొక్కటి 24 మీటర్ల పైన. 1956 నుంచి 1964 వరకు బురుజు మొత్తం విప్పి మళ్లీ బిగించినప్పుడు పడమటి స్తంభం మార్చారు. అంత పొడవు మాను ఒక్కటి దక్కక, రెండు మానుల్ని అతికారు. ఆ అతుకు మూడో అంతస్తులో కంటికి కనిపిస్తుంది. గోడల్లో పొడుగ్గా ఉన్న కంతలు బాణాలకు, గుండ్రం, ముక్కోణం, చదరం కంతలు తుపాకులకు. బురుజు కళ్లెదుటే ఉన్నా దారి చుట్టూ తిప్పడం, గుమ్మాలు ఇరుకైపోవడం శత్రువును ఆ కంతల ముందే నిలబెట్టడానికి.

మళ్లీ కట్టినవాటిలోనూ అన్నీ ఒకటి కావు. ఒజు అనే ఊళ్లో పాత కొయ్య నమూనా, ఫొటోలు ఆధారంగా 2004లో 19 మీటర్ల చెక్క బురుజు లేపారు. అంతెత్తు చెక్క కట్టడానికి అక్కడి చట్టం మామూలుగా ఒప్పుకోదు, మినహాయింపు తెచ్చుకున్నారు. ఆతామి అనే ఊళ్లో అసలు కోటే లేని గుట్ట మీద 1959లో బురుజు కట్టారు. నగోయాలో 1945 బాంబుదాడిలో కాలిన బురుజును 1959లో కాంక్రీటుతో కడితే, భూకంపానికి ఆగదని 2018లో లోపలికి ప్రవేశం ఆపేశారు. కరపత్రంలో నగోయా ఉంటే "బురుజు లోపలికా, బయటినుంచేనా" అని అడగాలి. పక్కనే పాత కొలతల పటాలతో చెక్కలో మళ్లీ కట్టిన రాజభవనం ఉంది, అది చూడదగ్గది.

ఇంజనీర్లు, మేస్త్రీలు ఎవరైనా వెళ్తే కుమామోతో కోట వదలకూడదు. 2016 ఏప్రిల్ భూకంపాల్లో అక్కడి రాతి గోడలు కుప్పకూలాయి. ఒక మూల బురుజు మాత్రం ఒకే నిలువు వరస రాళ్ల మీద నిలిచిపోయింది. మూలల్లో పొడవు రాళ్లను ఒకటి అటు, ఒకటి ఇటు మార్చి పేర్చడం వల్లే ఆ వరస పట్టు వదల్లేదు. ఈ గోడల్లో సున్నం, సిమెంటు ఉండవు. వెనక గులకరాళ్లు దట్టంగా పోసి వాన నీరు బయటికి పోనిస్తారు. గులకల్లోకి మన్ను దిగినా, పైన చెట్ల వేళ్లు పాకినా నీరు నిలిచి గోడ కడుపు ఉబ్బుతుంది, తర్వాత జారుతుంది. పడిన రాళ్లకు ఇప్పుడు అంకెలు వేసి, పాత ఫొటోలతో పోల్చి, ఏ రాయి చోట ఆ రాయే పెడుతున్నారు. ప్రధాన బురుజు 2021లో తెరిచారు. కోట మొత్తానికి 2052 దాకా పడుతుందని చెబుతున్నారు.

ఇదంతా మనకెందుకంటే, కొండపల్లి, కొండవీడు మన గడపలోనే ఉన్నాయి. హిమేజీ తెల్లగోడల పూతలో సున్నం, నార, సముద్రపు నాచు జిగురు. మన పాత కట్టడాల్లో గానుగ సున్నం, కరక్కాయ, బెల్లం. రెండూ తేమను బయటికి వదిలేవే. అలాంటి గోడకు సిమెంటు మెత్తితే తేమ లోపలే ఇరుక్కుని, ఉప్పు పేరుకుని, రాయి, ఇటుక పెచ్చులూడతాయి. సిమెంటు పూత చెక్కుచెదరదు, వెనకున్న అసలు కట్టడం పొడైపోతుంది. మరమ్మతు టెండర్లలో "సిమెంటు పాయింటింగ్" (రాళ్ల సందులు సిమెంటుతో పూడ్చడం) అన్న ఒక్క పద్దు కొట్టేసి గానుగ సున్నం రాస్తే చాలావరకు ఆగుతుంది. కూలిన రాళ్లకు ఎత్తక ముందే ఫొటో తీసి అంకె వేయడానికి డబ్బాడు రంగు చాలు.

మీ యాత్రా పేజీలో జపాన్ కోట బొమ్మ వేసినప్పుడు కింద రెండు సంవత్సరాలు ఇవ్వండి: మొదట కట్టింది, ఇప్పటి బురుజు కట్టింది. కొండపల్లి బొమ్మ వేసినప్పుడు ఏ గోడ పాతది, ఏది మరమ్మతులో వచ్చిందో పురావస్తు శాఖను అడిగి వేయండి.

ఒక సివిల్ ఇంజనీరు,
బ్రాడీపేట, గుంటూరు