మీ అడ్రసులో మిడిల్‌సెక్స్

బుజ్జీ,

లండన్‌లోని హారో ఇంటి అగ్రిమెంట్‌లో మిడిల్‌సెక్స్ అని ఉంది, కౌన్సిల్ (స్థానిక పాలక సంస్థ) కాగితాల్లో ఆ పేరే లేదేమిటని అడిగావు. రెండూ సరైనవే. కౌంటీగా (మన జిల్లా లాంటిది) దాని పాలన 1965 ఏప్రిల్ 1తో ముగిసింది, పేరు మాత్రం వాడుకలో ఉండిపోయింది.

దక్షిణాన థేమ్స్, తూర్పున లీ, పడమర కోల్న్ నదులు దాని పాత హద్దులు. మధ్య సాక్సన్ల సీమ కాబట్టి ఆ పేరు. లండన్‌ని ఆనుకుని ఉండటమే దాని కొంప ముంచింది. 1889లో లండన్ కౌంటీ పుట్టినప్పుడు హాక్నీ, ఇస్లింగ్టన్, కెన్సింగ్టన్ అందులోకి పోయాయి. మిడిల్‌సెక్స్ క్రికెట్ జట్టు ఆడే లార్డ్స్ మైదానమూ అప్పుడే చేజారింది. జట్టు పేరు మాత్రం మారలేదు! మిగిలిందాంట్లో చాలా భాగం 1965లో గ్రేటర్ లండన్‌లో కలిసింది. పాటర్స్ బార్ పక్క కౌంటీ హెర్ట్‌ఫర్డ్‌షైర్‌కి, స్టెయిన్స్, సన్‌బరీ మరో పక్క కౌంటీ సర్రేకి వెళ్లాయి. సర్రే అంటే థేమ్స్‌కి దక్షిణమే అనుకునేవాళ్లు స్టెయిన్స్ దగ్గర తికమకపడేది అందుకే.

పోస్టల్ శాఖ అప్పుడు తన లెక్క మార్చుకోలేదు. మిడిల్‌సెక్స్‌ని పోస్టల్ కౌంటీగా, అంటే అడ్రసులో రాసే కౌంటీ పేరుగా కొనసాగించి, 1996లో అసలు అడ్రసులో కౌంటీయే అక్కర్లేదంది. కాబట్టి ఇంటి నంబరు, వీధి, కింద హారో, ఆ కింద విడిగా పోస్ట్‌కోడ్ రాస్తే చాలు. మిడిల్‌సెక్స్ రాసినా ఉత్తరం ఆగదు. పోస్ట్‌కోడ్ తప్పితేనే తిప్పలు. ఏదైనా ఫారంలో కౌంటీ తప్పనిసరిగా నింపమంటే ఒకటే పేరు ఎంచుకుని బ్యాంకుకీ, కరెంటు కంపెనీకీ అదే ఇవ్వు. చోటుకో రకంగా రాస్తే అడ్రసు ప్రూఫ్ అడిగినప్పుడు అనవసరపు ప్రశ్నలొస్తాయి.

పోస్ట్‌కోడ్ చూసి కౌంటీ చెప్పేద్దామనుకోకు. టీడబ్ల్యూతో మొదలయ్యేవాటిలో ట్విక్‌నమ్ మిడిల్‌సెక్స్, రిచ్‌మండ్ సర్రే. ఈఎన్‌లో ఎన్‌ఫీల్డ్ మిడిల్‌సెక్స్ అయితే, బార్నెట్‌కి పోస్టల్ కౌంటీ హెర్ట్‌ఫర్డ్‌షైర్.

ఇంతకన్నా జాగ్రత్తగా చూడాల్సింది కౌన్సిల్ ట్యాక్స్, అంటే ఉంటున్న ఇంటి మీద కౌన్సిల్‌కి కట్టే పన్ను. పోస్ట్‌కోడ్ హెచ్‌ఏతో మొదలైందనగానే హారో కౌన్సిల్ అనుకుంటారు. హెచ్‌ఏ9 వెంబ్లీ బ్రెంట్ కిందికి, హెచ్‌ఏ4 రైస్లిప్ హిలింగ్డన్ కిందికి వస్తాయి. హెచ్‌ఏ3లోని కెంటన్‌లోనైతే కొన్ని వీధులు హారోవి, కొన్ని బ్రెంట్‌వి. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో నీ పోస్ట్‌కోడ్ కొడితే కౌన్సిల్ పేరు వస్తుంది. అది చూసుకున్నాకే ట్యాక్స్‌కి రిజిస్టర్ చేయించుకో. ఓటరు జాబితాలో కూడా అక్కడే చేరు. కామన్వెల్త్ పౌరులం కాబట్టి వీసా మీద ఉన్నా మనకు ఆ వీలుంది.

నాన్న