రాత్రి షిఫ్టుకు మారుమనిషి ఏరీ?

సంపాదకులకు,

మంచాన పడిన భర్తకు సేవ చేసే డెబ్బయ్యేళ్ల ఇల్లాలిని చూసి "ఎంత ఓపికమ్మా!" అని మెచ్చుకునేవారే గాని, "రాత్రి కాస్తయినా నిద్రపోయారా?" అని అడిగేవారు కనపడరు. స్టాఫ్ నర్సుగా పనిచేసి విరమించిన నాకు ఆ మెచ్చుకోలు వింటే చిరాకే. పక్షవాత రోగికి పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలని డిశ్చార్జి రోజున చెప్పి పంపుతాం. వార్డులో అందుకు మూడు షిఫ్టుల సిబ్బంది ఉంటారు. ఇంట్లో మూడు షిఫ్టులూ ఆవిడవే. మతిమరుపు జబ్బు డిమెన్షియా అయితే మరీ కష్టం. పొద్దుగూకగానే కలవరం మొదలై, సొంతింట్లోనే ఉండి "మా ఇంటికి పోతాను" అంటూ అర్ధరాత్రి గడియ తీసే మనిషి పక్కన కన్ను మూతపడేదెలా?

ఆ నిద్రలేమి ఆవిడ బీపీని పెంచుతుంది, పొద్దున్నే కోడలి మీద విసుగై పడుతుంది. "అమ్మకు ఈమధ్య కోపం ఎక్కువైంది" అని పిల్లలు ఫోన్లలో చెప్పుకుంటారు. మందుల ఖర్చు అన్నదమ్ములు పంచుకుంటారు, రాత్రులు మాత్రం ఎవరి వాటాలోకీ రావు. మాట పెరిగి రాకపోకలు తగ్గాక ఆ ముసలావిడకు చేయి అందించేవారూ ఉండరు.

ప్రభుత్వం ఏమీ చేయడం లేదనను. పక్షవాతంతో మంచానికి, చక్రాల కుర్చీకి పరిమితమైనవారికి ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 15,000 రూపాయల పింఛను ఉంది. 70 దాటినవారికి ఆయుష్మాన్ భారత్ కింద ఏటా 5 లక్షల వరకు వైద్యం ఉంది, అదీ ఆసుపత్రిలో చేరితేనే. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం తిండి, బట్ట, వసతి, వైద్యం అంటుంది. కేరళ మాత్రం 2008లోనే పాలియేటివ్ (నయంకాని జబ్బుల్లో బాధ తగ్గించే సేవల) విధానం తెచ్చి పంచాయతీల ద్వారా నర్సులను ఇళ్లకు పంపుతోంది. 'ఆశ్వాసకిరణం' పేరిట, చూసుకునేవారికే నెలనెలా కొంత సాయం అందించే పథకమూ అక్కడ ఉంది. సొమ్ము చిన్నదే, కాని ఆ మనిషిని లెక్కలోకి తీసుకున్నారు.

వృద్ధుల ఆరోగ్య సంరక్షణ జాతీయ కార్యక్రమం ప్రకారం జిల్లా ఆసుపత్రిలో 10 పడకల వృద్ధుల వార్డు ఉండాలి. నేను కోరేదేమిటంటే, అందులో రెండు పడకలను, జబ్బు ముదరకపోయినా రోగిని చేర్చుకుని, ఇంట్లోవారికి వారం రోజులు విశ్రాంతి దొరికేందుకు కేటాయించాలి. ఇంటికి వచ్చే ఆరోగ్య కార్యకర్త (ఏఎన్ఎం) రోగితో పాటు చూసుకునేవారి బీపీ కూడా చూడాలి, నిద్ర సంగతి అడిగి రాసుకోవాలి. దీనికి కొత్త భవనాలేమీ అక్కర్లేదు, ఒక ఉత్తర్వు చాలు.

– ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు, తెనాలి