కొత్త కిట్‌లో ఫోమ్ దేహం ఎందుకు లేదంటే

మా వినియోగదారులకు నమస్కారం.

పక్షి ట్యాక్సిడెర్మీ, అంటే చనిపోయిన పక్షి చర్మాన్ని ఈకలతో సహా ఒలిచి, కృత్రిమ దేహం మీద తొడిగి, బతికున్నట్టు నిలబెట్టే కళ, కొత్తగా నేర్చుకునేవారి కోసం మేము తయారుచేసే కిట్‌లో ఇకపై అచ్చుపోసిన ఫోమ్ దేహం ఉండదు. దానికి బదులుగా వుడ్ వూల్, అంటే సన్నని చెక్కపీచు, దాన్ని చుట్టడానికి గట్టి నూలుదారం ఉంటాయి. ఖర్చు తగ్గించుకోవడానికే ఈ మార్పు చేశారా అని పలువురు అడిగారు. ఖర్చు కొంత తగ్గిన మాట వాస్తవమే గాని, ఫోమ్ ఉచితంగా దొరికినా మేము ఈ నిర్ణయమే తీసుకునేవాళ్లం.

ఒకే జాతి పక్షులు రెండు తీసుకున్నా వాటి కొలతలు ఒకటిగా ఉండవు. అచ్చు దేహం అసలు దానికన్నా కాస్త చిన్నదైతే దూది పెట్టి సరిచేసుకోవచ్చు. కాస్త పెద్దదైతే మాత్రం కోత అంచులు కలవవు, బలవంతంగా లాగి కుడితే పలుచని చర్మం చిరుగుతుంది, చిరగకపోయినా రొమ్ము మీది ఈకలు రెండువైపులా విడిపోయి మధ్యలో చర్మం బయటపడుతుంది. తరువాత ఎంత దువ్వినా ఆ లోపం దాగదు.

అందువల్ల చర్మం ఒలిచాక మిగిలిన దేహాన్ని వెంటనే పారేయవద్దని మా మనవి. దాన్ని కాగితం మీద పక్కవాటుగా పెట్టి చుట్టూ గీత గీసి, పొడవు, రొమ్ము చుట్టుకొలత, మెడ పొడవు రాసుకొని, చెక్కపీచును గట్టిగా ముద్దచేసి దారం చుడుతూ మాటిమాటికీ ఆ గీతతో సరిచూసుకోండి. మెడ దగ్గర మరింత జాగ్రత్త అవసరం: తడి చర్మం లాగినకొద్దీ సాగుతుంది గనుక, దాన్ని చూసి మెడ తయారుచేసేవారి చేతిలో కోడిపుంజు కాస్తా కొంగ అవుతుంది. కాళ్ల తీగను పీచులో ఒకవైపు నుంచి రెండోవైపుకు దూర్చి, కొన వంచి మళ్లీ లోపలికి గుచ్చితే గట్టిగా నిలుస్తుంది. తేలికపాటి ఫోమ్‌లో అదే తీగ వదులై పక్షి ఒరిగిపోయే అవకాశం ఎక్కువ.

ఈ పద్ధతికి సమయం పడుతుంది, ఒక్క పూటలో పక్షిని నిలబెట్టాలనుకునేవారికి ఇది నచ్చకపోవచ్చు. మొదటిసారి చుట్టిన దేహం అందంగా ఉండదు, ఉండనక్కరలేదు కూడా. కొలత సరిపోతే ఎగుడుదిగుళ్ల మీద పలుచగా దూది పరిస్తే చాలు.

చర్మం పాడవకుండా లోపలివైపు రాసే బోరాక్స్ పొడి, తీగలు, సూదులు, చేతి తొడుగులు యథాతథంగా ఉంటాయి. పాత పద్ధతుల గురించి చదివి ఆర్సెనిక్ సబ్బు అడుగుతున్నవారికి ఒక మాట: 18వ శతాబ్దంలో ఫ్రాన్స్‌కు చెందిన బెకోర్ రూపొందించిన ఆ సబ్బు పురుగులను బాగానే ఆపింది గాని, అది మనుషులకూ విషమే. మేము అమ్మము.

కిట్‌లో పక్షి ఉండదు. అడవి పక్షులను, చనిపోయి దొరికినవాటిని సైతం, దగ్గర ఉంచుకోవడం చాలా దేశాల్లో నేరం కాబట్టి, మీ చట్టం అనుమతించే పెంపకపు పక్షినే తీసుకోండి. పావురంతో మాత్రం మొదలుపెట్టవద్దు, దాని ఈకలు చేయి తగిలితేనే రాలిపోతాయి.

ఇప్పటికే ఆర్డర్ చేసినవారికి ఫోమ్ దేహమే వస్తుంది. చెక్కపీచు కావాలనుకుంటే పార్సెల్ బయలుదేరేలోపు తెలియజేయండి. గాజు కళ్ల రంగు, పరిమాణం జాతిని బట్టి మారతాయి గనుక, ఆర్డర్‌లో పక్షి పేరు తప్పక రాయండి.